ఈస్ట్ రైబోజోమ్‌లో 40ఎస్, 60ఎస్ ముక్కలు దేని వల్ల కలిసి ఉంటాయి? నా గ్రేడియంట్‌లో ఆ పక్క బుడిపెలు ఏంటి?

పులిసినపిండి అడిగారు:

నమస్తే అండీ. ఎమ్మెస్సీ బయోటెక్ ఫైనలియర్, ప్రాజెక్ట్‌కి ఈస్ట్ ల్యాబ్‌లో పడ్డాను. మా గైడ్ గారు ఒక మ్యూటెంట్ ఇచ్చి పాలీజోమ్ ప్రొఫైల్ చెయ్యమన్నారు (ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు విడిగా ఎన్ని, ఒకే సందేశపు ఆర్‌ఎన్‌ఏ, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ మీద వరసగా ఎక్కిన పాలీజోమ్‌లు ఎన్ని అని చూసే పరీక్ష). రైబోజోమ్ పెద్ద సబ్‌యూనిట్‌లోని (60ఎస్) ఒక ప్రోటీన్‌కి ఈస్ట్‌లో రెండు జీన్లు ఉంటే అందులో ఒకటి తీసేసిన స్ట్రెయిన్ అది. సుక్రోజ్ గ్రేడియంట్ (కిందికి వెళ్ళేకొద్దీ చిక్కబడే చక్కెర ద్రావణం) మీద వేసి తిప్పితే మామూలు ఈస్ట్‌లో 40ఎస్, 60ఎస్, రెండూ కలిసిన 80ఎస్, ఆ తర్వాత పాలీజోమ్‌లు నున్నటి కొండల్లా వరసగా వచ్చాయి. మ్యూటెంట్‌లో మాత్రం 80ఎస్ దగ్గర మొదలుపెట్టి ప్రతి కొండకీ కుడి పక్కన, అంటే బరువు ఎక్కువున్న వైపు, చిన్న బుడిపె ఉంది. మూడు సార్లు చేశా, మూడు సార్లూ ఉంది.

అదేంటో తెలుసుకుందామని పుస్తకం తీస్తే అసలు బేసిక్ దగ్గరే ఆగిపోయాను. చిన్న సబ్‌యూనిట్ (40ఎస్) ఎంఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుంటుందట, తర్వాత పెద్దది వచ్చి కలుస్తుందట, అంతే, ఒక్క లైన్. ఎలా కలుస్తుంది? దేనితో పట్టుకుని ఉంటాయి? అంత బాగా కలిసేవే అయితే ప్రతి ప్రోటీన్ తయారయ్యాక మళ్ళీ విడిపోవడం ఎందుకు, కలిసే ఉండొచ్చు కదా?

(40కి 60 కలిపితే 100 కదా 80 ఎందుకు అని అడగట్లేదు, ఆ ప్రశ్న ఇంటర్ నుంచి వింటున్నా, ఎస్ అంటే బరువు కాదు, తిప్పినప్పుడు కిందికి దిగే వేగం అని తెలుసు.)

ఇంకో సంగతి, సిగ్గుగానే చెప్తున్నా. ఆ మూడు సార్లకీ ముందు, మొట్టమొదటి సారి బఫర్ నేనే కలిపి మెగ్నీషియం వెయ్యడం మర్చిపోయాను, పైగా ఈడీటీఏ ఉన్న స్టాక్ వాడాను. 80ఎస్ లేదు, పాలీజోమ్‌లు లేవు, రెండు స్ట్రెయిన్లలోనూ రెండే రెండు కొండలు. రెండు రోజుల పని పోయిందని ఆ చార్ట్‌లు ఫైల్ వెనక్కి తోసేశా. మెగ్నీషియం లేకపోతే ఎందుకు అలా అవుతుందో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

---

తాటిచెట్టు రాశారు:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతా, మిగతావాటికి అదే దారి.

40ఎస్‌లో ఉండేది 1800 అక్షరాల 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ, 33 ప్రోటీన్లు. 60ఎస్‌లో 25ఎస్, 5.8ఎస్, 5ఎస్ అని మూడు ఆర్‌ఎన్‌ఏలు, 46 ప్రోటీన్లు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడే ముఖాలు చూస్తే అక్కడ ప్రోటీన్ తక్కువ, ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏనే. ఆర్‌ఎన్‌ఏ అంటే వెన్నెముక పొడుగునా నెగటివ్ చార్జే, అలాంటివి రెండు ఎదురెదురుగా పెడితే తోసేసుకోవాలి. మధ్యలో మెగ్నీషియం అయాన్లు చేరి ఆ తోపులాట ఆపుతాయి, ఆర్‌ఎన్‌ఏ మడతలు విప్పుకోకుండా కూడా అవే చూస్తాయి. ఈడీటీఏ వేసి మీరు ఆ మధ్యవర్తుల్ని లాగేశారు కాబట్టి రెండూ ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కానీ మెగ్నీషియం ఒక్కటే జిగురు అనుకోకండి. రెండు ముఖాల మధ్య అక్కడక్కడా తాకే చోట్లు ఉంటాయి, వాటిని బ్రిడ్జ్‌లు అంటారు. నడిమధ్యలో ఉన్నవి ఎక్కువగా ఆర్‌ఎన్‌ఏకి ఆర్‌ఎన్‌ఏ, బ్యాక్టీరియాలోనూ అవే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది బి2ఎ. 25ఎస్‌లోని 69వ హెలిక్స్ (ఆర్‌ఎన్‌ఏ మెలిక) ముందుకు సాగి 18ఎస్‌లోని 44వ హెలిక్స్‌ని తాకుతుంది, సరిగ్గా కోడాన్ (ఒక అమైనో ఆమ్లానికి గుర్తైన మూడు అక్షరాలు) చదివే చోట, పక్కనే ఉన్న, అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలని కూడా ముట్టుకుంటూ. అంటే పట్టు ఉన్న చోటే పని కూడా ఉంది.

అంచుల్లో ఉన్న బ్రిడ్జ్‌లు వేరే రకం, అవి మన లాంటి, సెల్‌లో న్యూక్లియస్ ఉన్న యూకారియోట్లకే ప్రత్యేకం. 60ఎస్ నుంచి ఈఎల్19, ఈఎల్24 అనే ప్రోటీన్లు పొడుగాటి చేతులు చాపి 40ఎస్‌ని పట్టుకుంటాయి. ఇంకొకటి ఈఎల్41. మొత్తం 25 అమైనో ఆమ్లాలే, అందులో 17 లైసీన్, ఆర్జినీన్‌లే, అంటే నిలువెల్లా పాజిటివ్ చార్జ్. లెక్కల్లో అది పెద్ద సబ్‌యూనిట్ ప్రోటీన్, కానీ నిర్మాణం చూస్తే చాలావరకు 40ఎస్‌లోనే దూరి ఉంటుంది. ఇంటిపేరు పుట్టింటిది, కాపురం అత్తింట్లో. చిత్రం ఏమిటంటే ఈఎల్24 జీన్లు రెండూ తీసేసినా ఈస్ట్ చావదు, సబ్‌యూనిట్లు కలవడం మందగిస్తుంది అంతే. చాలా చేతులు కలిసి పట్టుకున్నాయి కాబట్టి ఒక చెయ్యి జారినా కూలిపోదు.

ఇక రెండు ముక్కలు ఎందుకు అన్నది. పంచుకున్న పని చూడండి: 40ఎస్ చదువుతుంది, 60ఎస్ అమైనో ఆమ్లాలని అతుకుతుంది, టీఆర్‌ఎన్‌ఏ ఒక కొస ఇటు, ఒక కొస అటు పెట్టి మధ్యలో నిలబడుతుంది. ఒక కోడాన్ అయ్యాక టీఆర్‌ఎన్‌ఏలు, ఎంఆర్‌ఎన్‌ఏ అన్నీ ఒక అడుగు జరగాలి. అన్నిటినీ ఒకేసారి వదిలితే ఫ్రేమ్, అంటే మూడేసి అక్షరాలుగా చదివే వరస, తప్పుతుంది. తాటిచెట్టు ఎక్కేవాళ్ళని దగ్గరగా చూశారా? కాళ్ళు చెట్టుకి ఆనించి నడుము మోకు పైకి జరుపుతారు, మోకు మీద బరువు వేసి కాళ్ళు పైకి తీసుకుంటారు, రెండూ ఒకేసారి వదలరు. ఇక్కడా అంతే, ముందు 60ఎస్ వైపు కొసలు జరుగుతాయి, 40ఎస్ వైపు కొసలు ఉన్నచోటే ఉంటాయి, ఈలోపు 40ఎస్ మొత్తం 60ఎస్ మీద పది డిగ్రీల లోపు పక్కకి తిరుగుతుంది. అప్పుడు ఈఈఎఫ్2 అనే ప్రోటీన్ వచ్చి 40ఎస్ వైపు కొసల్ని, ఎంఆర్‌ఎన్‌ఏని జరిపిస్తుంది, 40ఎస్ మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. నడిమధ్య బ్రిడ్జ్‌లు ఇరుసులా పెద్దగా కదలవు, అంచువి సాగి, వంగి, కొన్ని పట్టు మార్చుకుంటాయి. ఒకే ముద్దగా ఉంటే ఈ కదలికకి చోటే లేదు. (కల్లు పులిసేది కూడా ఈ ఈస్ట్ వల్లే, అందుకే ఆ పోలిక తోసింది.)

కలిసే ఉండొచ్చు కదా అన్నారు. ఇక్కడే పుస్తకాలు మనల్ని తప్పు దారి పట్టిస్తాయని నా అభిప్రాయం. కలవడం ఏదో ఘనకార్యం అన్నట్టు రాస్తాయి. శుభ్రం చేసిన 40ఎస్, 60ఎస్ ట్యూబులో వేసి తగినంత మెగ్నీషియం ఇవ్వండి, ఎవరూ చెప్పకుండానే 80ఎస్ అవుతాయి. సెల్‌కి ఉన్న తలనొప్పి కలపడం కాదు, వేళ కాకముందే కలవకుండా ఆపడం! చేతిలో ఎంఆర్‌ఎన్‌ఏ లేకుండా మూసుకుపోయిన 80ఎస్ దేనికీ పనికిరాదు. అందుకే కొత్తగా తయారైన 60ఎస్ ముఖం మీద టిఫ్6 అనే ప్రోటీన్ అడ్డంగా కూర్చుంటుంది, మనుషుల్లో దాన్నే ఈఐఎఫ్6 అంటారు. 40ఎస్ వైపు ఈఐఎఫ్1, ఈఐఎఫ్1ఎ, ఈఐఎఫ్3 అనే ప్రోటీన్లు కాపలా. 40ఎస్ ఎంఆర్‌ఎన్‌ఏ వెంట నడిచి ఏయూజీ అనే మొదలుపెట్టే కోడాన్ దొరికాకే కాపలా సడలుతుంది, అప్పుడు ఈఐఎఫ్5బి అనే ప్రోటీన్ జీటీపీ (ఏటీపీ లాంటి ఇంధనం) పట్టుకొచ్చి 60ఎస్‌ని దగ్గరకి చేరుస్తుంది, కలిశాక జీటీపీ విరిగితేనే అది తప్పుకుంటుంది. పని అయ్యాక విడదీయడానికి ఆర్‌ఎల్‌ఐ1 అనే ప్రోటీన్ ఏటీపీ ఖర్చు పెడుతుంది. లెక్క చూడండి, కలవకుండా ఆపడానికి, కలిసినవాటిని విడగొట్టడానికి ఎంతమంది ఉన్నారో.

---

నైట్‌షిఫ్ట్ రాశారు:

సూపర్ అన్నా. ఇదంతా మన రామకృష్ణన్ గారు నోబెల్ తెచ్చుకున్న పనే కదా, ఈస్ట్ రైబోజోమ్ స్ట్రక్చర్? తిరగలి బొమ్మ వేసి చెప్తే ఇంకా ఈజీ, కింద రాయి, పైన రాయి, మధ్యలో గింజలు.

---

తాటిచెట్టు రాశారు:

కాదు తమ్ముడూ. వెంకట్రామన్ రామకృష్ణన్ గారిది చిదంబరం, 2009లో థామస్ స్టైట్జ్, అడా యోనాథ్‌లతో కలిసి నోబెల్ వచ్చింది, కానీ ఆయన ప్రధానంగా తేల్చింది బ్యాక్టీరియా చిన్న సబ్‌యూనిట్ 30ఎస్ నిర్మాణం. ఈస్ట్ 80ఎస్ క్రిస్టల్ నిర్మాణం స్ట్రాస్‌బర్గ్‌లో మరాత్ యుసుపోవ్ బృందం చేసింది, 2010లో ఒక మోస్తరు వివరంతో, 2011లో 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. నేను పైన చెప్పిన అంచు బ్రిడ్జ్‌లు అంత స్పష్టంగా కనిపించింది అందులోనే.

అందులో ఒక తమాషా ఉంది. క్రిస్టల్‌కి అన్నీ ఒకే భంగిమలో ఉండాలి కాబట్టి వాళ్ళు ఈస్ట్‌ని గ్లూకోజ్ లేకుండా మాడ్చి రైబోజోమ్‌లు తీశారు. తీరా చూస్తే ఎంఆర్‌ఎన్‌ఏ ఉండాల్సిన దారిలో ఎస్‌టీఎం1 అనే ప్రోటీన్ దూరి, రెండు సబ్‌యూనిట్లనీ కలిపి బిగించి కూర్చుంది. ఆకలి రోజుల్లో ఈస్ట్ రైబోజోమ్‌లని గొళ్ళెం వేసి దాచుకుంటుందన్నమాట. తిండి దొరికాక డోమ్34, హెచ్‌బీఎస్1 అనే ప్రోటీన్లు, మన ఆర్‌ఎల్‌ఐ1 కలిసి ఆ గొళ్ళెం తీస్తాయి.

తిరగలి పోలిక నాకు నచ్చలేదు. తిరగలి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. ఇది కవ్వం లాగా ఇటు కొంచెం, అటు కొంచెం.

---

పులిసినపిండి రాశారు:

చాలా థ్యాంక్స్ అండీ, రెండు సార్లు చదివా. ఆపడమే అసలు పని అన్నది ఎవరూ చెప్పలేదు. కానీ నా బుడిపెల సంగతి? మ్యూటెంట్‌లో ఏదో కాపలా ఎక్కువైందా, అంటే టిఫ్6 దిగట్లేదా? అలా అని రాసేస్తే గైడ్ గారు అడిగే ప్రశ్నలు తలుచుకుంటేనే టెన్షన్.

---

సుక్రోజ్ అక్క రాశారు:

ఆగమ్మా, రాసెయ్యకు. ఆ బుడిపెలకి పేరు ఉంది, హాఫ్‌మర్‌లు అంటారు. పదేళ్ళకి పైగా గ్రేడియంట్‌లు పోస్తున్నా కాబట్టి ఇది నా ఏరియా.

40ఎస్ ఏయూజీ దాకా వచ్చి అన్నీ సిద్ధం చేసుకుని నిలబడింది, 60ఎస్ రాలేదు. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి పెట్టారు, మనిషి ఎక్కలేదు. ఈలోపు అదే ఎంఆర్‌ఎన్‌ఏ మీద ముందు ఎక్కిన రైబోజోమ్‌లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. అప్పుడు ఆ ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఒక 80ఎస్, వెనక ఎదురుచూస్తున్న ఒక 40ఎస్ ఉంటాయి, మామూలు 80ఎస్ కన్నా కొంచెం బరువు, అందుకే కొండకి కుడి పక్కన బుడిపె. రెండు రైబోజోమ్‌లు ఉన్నచోట రెండున్నర, మూడున్నచోట మూడున్నర. అంతే కథ.

అయితే 60ఎస్ ఎందుకు రాలేదన్నదానికి కారణాలు రెండు. అసలు సరిపడా 60ఎస్‌లు లేకపోవచ్చు, ఉన్నా కలవలేకపోవచ్చు. నీ మ్యూటెంట్ చరిత్ర చూస్తే మొదటిదే ఎక్కువ నమ్మదగ్గది. ఈస్ట్‌లో 79 రైబోజోమ్ ప్రోటీన్లకి 137 జీన్లు ఉన్నాయి, చాలావాటికి జంట జీన్లే, ఒకటి తీసేస్తే రెండోది పూర్తిగా భర్తీ చెయ్యలేదు. ఒక్క ప్రోటీన్ తక్కువైతే 60ఎస్ మధ్యలోనే ఆగిపోతుంది, సగం కట్టినవాటిని సెల్ పారేస్తుంది. జోరుగా పెరిగే ఈస్ట్‌లో సుమారు 2 లక్షల రైబోజోమ్‌లు ఉంటాయి, గంటన్నర పైచిలుకుకి ఒకసారి సెల్ రెండవుతుంది కాబట్టి నిమిషానికి 2000 కొత్తవి దిగాలి. ఆ వేగంలో ఒక్క పార్ట్ కొరత వచ్చినా వెంటనే తెలిసిపోతుంది.

తేల్చుకోవడం ఎలా? విడిగా ఉన్న 40ఎస్, 60ఎస్ కొండల్ని చూడు, కానీ ఎత్తులు చూసి మోసపోకు. డిటెక్టర్ 260 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచేది దాదాపుగా ఆర్‌ఎన్‌ఏనే. 60ఎస్‌లో 3396, 158, 121 కలిపి 3675 అక్షరాలు, 40ఎస్‌లో 1800. సంఖ్య సమానంగా ఉన్నా 60ఎస్ కొండ రెండింతలు ఉండాలి. రెండూ సమానంగా కనిపిస్తే బాగుంది అనుకుంటారు మా పిల్లలు, నిజానికి అప్పుడు 60ఎస్ సగమే ఉన్నట్టు.

అందులోనూ ఒక మెలిక ఉంది. విడిగా ఉన్నవి మిగిలిపోయినవి మాత్రమే, అసలు మొత్తం ఎన్ని ఉన్నాయో అవి చెప్పవు. మొత్తం తెలియాలంటే 80ఎస్‌లు, పాలీజోమ్‌లు అన్నిటినీ విడగొట్టి, అంతా రెండే కొండలుగా చేసి, వాటి వైశాల్యాల నిష్పత్తి చూడాలి. దానికి ఏం చేస్తారో తెలుసా? మెగ్నీషియం తీసేసి ఈడీటీఏ వేస్తారు! నువ్వు పాడైపోయిందని ఫైల్ వెనక్కి తోసిన చార్ట్ ఉంది చూడు, నీకు ఇప్పుడు కావాల్సిన ప్రయోగం అదే. రెండు స్ట్రెయిన్లూ ఆ బఫర్‌తోనే వేశావు కదా, ఇంకేం, తీసి కొలువు. ఈడీటీఏలో సబ్‌యూనిట్లు కొంచెం వదులై కాస్త పైకి, తేలిక వైపు వస్తాయి, 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ కూడా 60ఎస్ నుంచి ఊడిపోతుంది, కానీ అది 121 అక్షరాలే కాబట్టి వైశాల్యం పెద్దగా మారదు. పైన టీఆర్‌ఎన్‌ఏల చెత్త 40ఎస్ కొండ మొదట్లో కలిసి ఉంటుంది, బేస్‌లైన్ జాగ్రత్తగా గియ్యి.

ఇక టిఫ్6 సంగతి. దాన్ని దించేవి ఎస్‌డీఓ1, ఈఎఫ్‌ఎల్1 అనే ప్రోటీన్లు. మనుషుల్లో ఎస్‌డీఓ1కి సమానమైన ఎస్‌బీడీఎస్ జీన్ చెడితే ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్ వస్తుంది, చిన్నపిల్లల్లో పాంక్రియాస్, ఎముక మజ్జ దెబ్బతింటాయి. ఈస్ట్‌లో టిఫ్6 దిగకపోయినా హాఫ్‌మర్‌లే కనిపిస్తాయి. పైగా దిగని టిఫ్6 న్యూక్లియస్‌కి తిరిగి వెళ్ళదు, అక్కడ కొత్త 60ఎస్ తయారీకి అదే కావాలి, కాబట్టి కొన్నాళ్ళకి 60ఎస్ సంఖ్యా పడిపోతుంది. అందుకని 60ఎస్ తగ్గింది కాబట్టి తయారీ లోపమే అని గ్రేడియంట్ ఒక్కటే చూసి ఒట్టేసి చెప్పలేం. నీ విషయంలో తీసింది ప్రోటీన్ జీనే కాబట్టి అనుమానం అటు మొగ్గుతుంది, అంతవరకే రాయి.

ఒక్క జాగ్రత్త. సెల్స్ తీసేటప్పుడు గ్లూకోజ్ లేని బఫర్‌తో కడిగావా? గ్లూకోజ్ పోయిన నిమిషాల్లోనే పాలీజోమ్‌లు కూలి 80ఎస్ కొండ తాటికాయంత అవుతుంది, అది మ్యూటెంట్ లక్షణం అనుకుని థీసిస్‌లో రాసినవాళ్ళని చూశాను. సైక్లోహెక్సిమైడ్ (రైబోజోమ్‌లని ఉన్నచోటే ఆపేసే మందు) ముందే వేసి, మంచులో, చకచకా తియ్యాలి. 80ఎస్ మరీ పెద్దగా ఉంటే అవి పని చేస్తున్నవా, ఖాళీగా మూసుకున్నవా అని కూడా చూడొచ్చు: గ్రేడియంట్‌లో పొటాషియం క్లోరైడ్ 0.7, 0.8 మోలార్ దాకా పెంచితే ఖాళీ జంటలు చాలావరకు విడిపోతాయి, మధ్యలో టీఆర్‌ఎన్‌ఏ, పెరుగుతున్న గొలుసు ఉన్నవి నిలబడతాయి.

---

పాత నోట్సు రాశారు:

అందరూ కలవకుండా ఆపడం గురించే చెప్తున్నారు, ఒక మినహాయింపు నేను చెప్తా. కొత్తగా పుట్టిన 40ఎస్ సైటోప్లాజమ్‌లోకి వచ్చేటప్పటికి పూర్తి కాదు, దాని ఆర్‌ఎన్‌ఏ ఇంకా 20ఎస్, కొసకి తోక ఉంటుంది. ఒంటి నిండా ఏడు అసెంబ్లీ ప్రోటీన్లు, ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కకుండా, 60ఎస్ అంటకుండా. అయినా ఒక దశలో ఇదే ఈఐఎఫ్5బి దాన్ని మంచి 60ఎస్‌తో కావాలనే కలుపుతుంది, ఎంఆర్‌ఎన్‌ఏ లేదు, మొదటి టీఆర్‌ఎన్‌ఏ లేదు, ఉత్తి ట్రయల్ రన్. అలా కలిసి, విడిపోయే క్రమం దాటినవాటికే నోబ్1 అనే ప్రోటీన్ తోక కత్తిరించి 18ఎస్ చేస్తుంది. విడదీసేది ఇక్కడా ఆర్‌ఎల్‌ఐ1, డోమ్34లే. 2012లో ఒకటికి రెండు బృందాలు దీన్ని చూపించాయి. కొత్త మిషన్లు వాడకుండా, ఉన్న పనిముట్లతోనే కొత్త సరుకుని పరీక్షించుకోవడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఇంకోటి, ఈస్ట్ అంటున్నాం కాబట్టి ఈఈఎఫ్3 అనే ప్రోటీన్‌ని వదిలేస్తే అన్యాయం. 40ఎస్ తలనీ, 60ఎస్ పై భాగాన్నీ కలిపి అడ్డంగా పట్టుకుని, ఏటీపీ వాడి, పని అయిపోయిన టీఆర్‌ఎన్‌ఏని బయటకి పంపుతుంది. ఈస్ట్‌కి అది లేకపోతే బతుకు లేదు, మనుషులకి అసలు లేనే లేదు. ఫంగస్ మందుల కోసం దాని మీద కన్నేసింది అందుకే.

---

పులిసినపిండి రాశారు:

అక్కా, ఫైల్ తీశాను. ప్రింట్‌ల మీద తేదీ తప్ప ఏమీ రాసుకోలేదు, అదృష్టం కొద్దీ ట్యూబ్ నంబర్లు నోట్‌బుక్‌లో ఉన్నాయి. మీరన్నట్టు బేస్‌లైన్ గీసి కొలిస్తే మామూలు ఈస్ట్‌లో 60ఎస్ వైశాల్యం 40ఎస్‌కి రెండింతలకి దగ్గరగా వచ్చింది, మ్యూటెంట్‌లో అంత లేదు, కంటికే తేడా తెలుస్తోంది. గ్లూకోజ్ సంగతి మాత్రం నిజమే, కడిగిన బఫర్‌లో గ్లూకోజ్ లేదు. అది మళ్ళీ చేస్తా.

రేపు గైడ్ గారికి చూపించాలి. బఫర్ తప్పు కలిపానన్న సంగతి ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా.

---

సుక్రోజ్ అక్క రాశారు:

ఉన్నదున్నట్టు చెప్పు. కానీ చెప్పే ముందు ఆ స్టాక్‌లో ఈడీటీఏ ఎంత ఉందో లెక్క కట్టి ప్రింట్ మీద రాసుకో, మొదట అడిగేది అదే. ఇంకో రెండు సార్లు కావాలనే అదే బఫర్‌తో చెయ్యి, ఒక్కసారి వచ్చిన నిష్పత్తిని ఎవరూ ఒప్పుకోరు.